పాత వీ కన్సోల్, కొత్త గన్: నా ప్రాజెక్టు డైరీ

జూన్ 7

ఆర్కేడ్‌లో నిలబడి ఆడే గన్ గేమ్‌లు మా హాల్లో, గోడకు బిగించిన 43 అంగుళాల టీవీ మీద ఆడాలి. ఎక్కడ గురిపెడితే అక్కడే తగలాలి. ట్రిగ్గర్ నొక్కితే వేలికి టిక్కుమని తెలియాలి. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడగలగాలి. నేను పెట్టుకున్న పని ఇది. దీనికి ఎంచుకున్నది నింటెండో వీ. 2006లో వచ్చిన కన్సోల్. ప్రపంచం మొత్తం మీద పది కోట్లకు పైగా అమ్ముడైంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది.

ఇంత పాతదాన్నే ఎందుకు పట్టుకున్నానో చెప్పాలంటే పాత గన్‌లు ఎలా పనిచేసేవో చెప్పాలి. 90లలో మన ఇళ్ళల్లో ‘టీవీ గేమ్’ ఉండేది కదా, దాంతో పాటు ఒక ప్లాస్టిక్ గన్ ఇచ్చేవాళ్ళు, బాతుల్ని కొట్టేవాళ్ళం. ఆ గన్‌లోంచి ఏదీ బయటికి వెళ్ళేది కాదు. దాని మూతిలో కాంతిని పసిగట్టే చిన్న సెన్సార్ ఉండేది. ట్రిగ్గర్ నొక్కగానే గేమ్ రెప్పపాటు తెరంతా నల్లగా చేసి, ఆ వెంటనే బాతు ఉన్న చోట మాత్రం తెల్ల డబ్బా గీసేది. గన్‌కి ఆ తెలుపు కనబడితే తగిలినట్టు, లేకపోతే లేదు. ఆర్కేడ్‌లలో వచ్చిన మెరుగైన గన్‌లు ఇంకో అడుగు ముందుకెళ్ళాయి. పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి గీతలు గీసుకుంటూ వస్తుంది. అది గన్ చూస్తున్న చోటికి ఏ క్షణంలో చేరిందో పట్టుకుని, ఆ సమయాన్ని బట్టి గురి ఎక్కడుందో లెక్కగట్టేవి. రెండు పద్ధతులకీ పిక్చర్ ట్యూబే ఆధారం. ఎల్‌సీడీ తెరలో అలా పరుగెత్తే కిరణం ఉండదు, బొమ్మ కూడా కాస్త ఆలస్యంగా వస్తుంది. ఫ్లాట్ టీవీలు రాగానే ఆ గన్‌లన్నీ మూలపడటానికి కారణం ఇదే.

ఆర్కేడ్‌లో ఇంకో రకం గన్ కూడా ఉండేది. 1987 నాటి ఆపరేషన్ వుల్ఫ్ లాంటి మెషిన్లలో గన్‌ను క్యాబినెట్‌కే బిగించేవాళ్ళు. లోపల ఉండే పొటెన్షియోమీటర్లు, అంటే పాత రేడియో వాల్యూమ్ నాబ్ వెనక ఉండేవే, గన్ ఎంత తిరిగిందో చెప్పేవి. దానికి తెరతో సంబంధమే లేదు. తెర ఏదైనా పనిచేస్తుంది.

వీ చేసింది ఈ రెండో దారికి దగ్గరగా ఉంటుంది. కెమెరాను తీసుకెళ్ళి మన చేతిలో పెట్టింది. రిమోట్ ముందు భాగంలో నల్లటి ప్లాస్టిక్ వెనక ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. టీవీ దగ్గర పెట్టే సెన్సార్ బార్‌లో పేరుకే సెన్సార్, అందులో ఉన్నవన్నీ ఇన్‌ఫ్రారెడ్ దీపాలే. రిమోట్ ఆ దీపాలను చూసి అవి తనకి ఎక్కడ కనబడుతున్నాయో బ్లూటూత్‌లో కన్సోల్‌కి చెబుతుంది, దాన్ని బట్టి రిమోట్ ఎటు తిరిగి ఉందో కన్సోల్ లెక్కవేసుకుంటుంది. తెర ఎల్‌సీడీ అయినా, ప్రొజెక్టర్ అయినా దానికి ఒకటే. సేగా కంపెనీ ది హౌస్ ఆఫ్ ది డెడ్ 2, 3 భాగాలను కలిపి 2008లో వీ మీద తెచ్చింది. ఘోస్ట్ స్క్వాడ్ 2007లోనే వచ్చింది. గన్‌బ్లేడ్ ఎన్‌వై, ఎల్‌ఏ మెషిన్‌గన్స్ రెండూ ఒకే డిస్కులో 2010లో వచ్చాయి. ఇన్ని అసలు సిసలు ఆర్కేడ్ గన్ గేమ్‌లు ఫ్లాట్ టీవీ మీద ఆడుకునేలా వచ్చిన పాత కన్సోల్ నాకు ఇంకొకటి కనబడలేదు.

జూన్ 14

కన్సోల్ వచ్చింది. డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడి సెకండ్ హ్యాండ్ షాపుల్లో కొని, సెలవులకు వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. రెండు రిమోట్లు, ఒక నన్‌చక్ (రిమోట్‌కి తగిలించే రెండో చేతి కంట్రోలర్), మూడు డిస్కులు. పైన మూత తీస్తే గేమ్‌క్యూబ్ (వీకి ముందొచ్చిన నింటెండో కన్సోల్) కంట్రోలర్ల పోర్టులున్న పాత మోడలే. అదే తెమ్మని ముందే చెప్పాను, ఆ పోర్టులతో తర్వాత పని ఉంది.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళు ముందు చూడాల్సింది అడాప్టర్. దాని మీద ఇన్‌పుట్ 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు. లాప్‌టాప్ చార్జర్లు 100 నుంచి 240 దాకా తీసుకుంటాయి కాబట్టి అన్నీ అంతే అనుకునే ప్రమాదం ఉంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక దారి, కానీ అది బరువు, వేడి, ‘గుం’ మని చప్పుడు. నేను ఎంచుకున్నది ఇంకొకటి. కన్సోల్‌కి కావలసింది 12 వోల్టుల డీసీ, 3.7 ఆంపియర్లు. 12 వోల్టుల, 5 ఆంపియర్ల మంచి ఎస్‌ఎంపీఎస్ అడాప్టర్ మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది. చిక్కల్లా కన్సోల్ వెనక దూరే ప్లగ్ ఆకారం వేరు. అమెరికా అడాప్టర్ ఎలాగూ ఇక్కడ వాడను కాబట్టి దాని డీసీ వైరును అడాప్టర్ డబ్బా దగ్గర కోసి, కొత్త అడాప్టర్ వైరుకి కలిపాను. కలిపే ముందు మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ చూసుకోవాలి. టంకం వేశాక హీట్ ష్రింక్ తొడిగి, కన్సోల్‌కి పెట్టకుండా ఇంకోసారి వోల్టేజి చూశాను. 12.1 చూపించింది. ఆ తర్వాతే కన్సోల్‌లో పెట్టాను. ముందున్న ఎర్ర లైటు పచ్చగా మారింది, టీవీ మీద మెనూ వచ్చింది.

జూన్ 21

ఈరోజు మోడ్, అంటే కంపెనీ ఒప్పుకోని ప్రోగ్రాంలు కూడా నడిచేలా కన్సోల్‌ను మార్చడం. హార్డ్‌వేర్‌లో చిప్ పెట్టడం, సోల్డరింగ్ ఏమీ లేదు. అంతా ఎస్‌డీ కార్డుతోనే.

దీని వెనక కథ నాకు చాలా ఇష్టం. వీలో గేమ్‌క్యూబ్ ఆటలు ఆడించే సౌకర్యం ఉంది. ఆ ఆటలు నడుస్తున్నప్పుడు మెమరీలో కొంత భాగమే కనబడుతుంది, మిగతాది దాక్కుని ఉంటుంది. కొందరు హ్యాకర్లు బోర్డు మీద మెమరీ అడ్రస్ లైన్లను మామూలు ట్వీజర్లతో కలిపి, ఆ దాగిన భాగాన్ని చదివి, అందులో మిగిలిపోయిన రహస్య తాళంచెవులను (కోడ్‌లను) బయటికి తీశారు. ఆ జట్టు పేరు అందుకే టీమ్ ట్వీజర్స్. 2008లో వాళ్ళే ఒక జెల్డా ఆట సేవ్ ఫైల్‌లో గుర్రం పేరును పట్టనంత పొడుగ్గా పెట్టి, ఆ పేరు చదవబోయి కన్సోల్ వాళ్ళ ప్రోగ్రాం నడిపేలా చేశారు. 2011లో లెటర్‌బాంబ్ వచ్చింది, ఎస్‌డీ కార్డులో పెట్టిన ఒక ఉత్తరం తెరిస్తే మన ప్రోగ్రాం నడిచే పద్ధతి. ఇప్పుడు నేను వాడింది అదే. దీనికి ఏ ఆట డిస్కూ అక్కర్లేదు.

కన్సోల్ మెనూ వర్షన్ 4.3. సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ కింద కన్సోల్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్తే మాక్ అడ్రస్ ఉంటుంది. ఆ రెండూ లెటర్‌బాంబ్ పేజీలో ఇస్తే మన కన్సోల్ కోసమే తయారైన ఫైలు వస్తుంది. దాన్ని ఎస్‌డీ కార్డులో విప్పి పెట్టి, కన్సోల్‌లో మెసేజ్ బోర్డు తెరిచాను. తేదీ, సమయం ముందే సరిచేసి ఉండాలి, లేకపోతే ఉత్తరం ఏ రోజు కింద పడిందో వెతుక్కోవాలి. నాకు నిన్నటి తేదీ కింద కనబడింది, ఎర్ర కవరు, దాని మీద బాంబు బొమ్మ. నొక్కగానే తెర నల్లబడి అక్షరాలు మొదలయ్యాయి. తర్వాత ఒక హెచ్చరిక వస్తుంది: ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా మీకు డబ్బుకి అమ్మి ఉంటే మీరు మోసపోయారు, డబ్బు వెనక్కి అడగండి అని. రిమోట్ మీద 1 నొక్కితే ముందుకెళ్తుంది. హోమ్‌బ్రూ అంటే అభిమానులు సొంతంగా రాసిన ప్రోగ్రాంలు. వాటిని నడిపే హోమ్‌బ్రూ ఛానల్, బ్యాకప్ తీసే బూట్‌మీ రెండూ ఇన్‌స్టాల్ చేశాను.

ఇక్కడ ఆగి బ్యాకప్ తీసుకోవాలి. ఇది గట్టిగా చెప్పదలచుకున్నాను. బూట్‌మీలో కన్సోల్ లోపలి 512 ఎంబీ మెమరీ మొత్తాన్ని కార్డులోకి కాపీ చేసే సౌకర్యం ఉంది. 4096 బ్లాకులు ఒక్కొక్కటిగా చదివి, మళ్ళీ సరిచూస్తుంది. బూట్‌మీలో వీ రిమోట్ పనిచేయదు. గేమ్‌క్యూబ్ కంట్రోలర్ ఉంటే దాంతో నడపొచ్చు, లేకపోతే కన్సోల్ మీద పవర్ బటన్‌తో జరుపుకుంటూ రీసెట్‌తో ఎంచుకోవాలి. నా గేమ్‌క్యూబ్ పోర్టుల ముచ్చట ఇందుకే. కొన్ని బ్యాడ్ బ్లాకులు చూపిస్తే కంగారు పడక్కర్లేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కొన్ని ఉంటాయి. కార్డులో తయారైన రెండు ఫైళ్ళనూ కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచాను. రేపు ఏ ప్రయోగమైనా తేడా కొడితే కన్సోల్‌ను ఈరోజు స్థితికి తెచ్చుకునే దారి ఇదొక్కటే. ఊళ్ళో డబ్బు తీసుకుని మోడ్ చేసిపెట్టే షాపులుంటాయి. అక్కడ చేయించినా సరే, బ్యాకప్ ఫైళ్ళు అడిగి తీసుకోండి.

జూన్ 22

డిస్కులు పాతవి, డ్రైవ్ ఇంకా పాతది. రెండిటినీ అరగదీయడం ఎందుకని, క్లీన్‌రిప్ అనే హోమ్‌బ్రూ ప్రోగ్రాంతో నా మూడు డిస్కులనూ యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి తీసుకున్నాను. ఆడించేది యూఎస్‌బీ లోడర్ జీఎక్స్. దానికి ముందు డీ2ఎక్స్ అనే సీఐఓఎస్‌ను 249, 250 స్లాట్లలో వేయాలి. కన్సోల్‌లో డిస్క్ డ్రైవ్‌ను చూసుకునేది ఐఓఎస్ అనే భాగం. ఆట ‘డిస్కులోంచి చదువు’ అని అడిగితే, మార్చిన ఈ సీఐఓఎస్ ఆ అడిగినదాన్ని హార్డ్ డిస్క్ వైపు మళ్ళిస్తుంది. ఆటకి ఆ సంగతే తెలియదు. హార్డ్ డిస్క్‌ను వెనక ఉన్న రెండు పోర్టుల్లో అంచుకు దగ్గరగా ఉన్నదాంట్లో పెట్టాలి. అన్నీ లేచాయి. ఇక అసలు పని గురి.

జూన్ 28

సెన్సార్ బార్ మీద కూర్చున్నాను. కొంత లెక్క ఉంది, కానీ ఈ ప్రాజెక్టు బాగుండటమా, విసుగెత్తడమా అనేది ఈ లెక్క మీదే ఆధారపడింది.

రిమోట్‌లో కెమెరా నిజానికి చాలా చిన్నది, 128 x 96 చుక్కలు. కానీ చిప్ లోపలే లెక్కలు వేసి, వెలుగు చుక్క మధ్యభాగాన్ని 1024 x 768 స్థాయిలో చెబుతుంది. మనకి బొమ్మ ఇవ్వదు. ‘ఇదిగో ఈ నాలుగు చుక్కలు, ఇవి ఇక్కడున్నాయి’ అంటుంది, అంతే. అడ్డంగా చూపు దాదాపు 33 డిగ్రీలు. అంటే రెండున్నర మీటర్ల దూరంలో నిలబడితే దాదాపు మీటరున్నర వెడల్పు కనబడుతుంది. మామూలు బార్‌లో రెండు దీపాల గుంపుల మధ్య దూరం 20 సెంటీమీటర్లు. అది కెమెరా తెరలో 1024కి దాదాపు 138 చుక్కలంత పడుతుంది. మా హాల్లో సోఫా దగ్గరనుంచి టీవీకి 4 మీటర్లు. అక్కడికి వెళ్తే అదే 20 సెంటీమీటర్లు 86 చుక్కలకు తగ్గిపోతుంది. రెండు చుక్కలూ దగ్గరపడే కొద్దీ వాటి మధ్య వాలు పట్టుకోవడం కష్టం, దీపాల వెలుగు కూడా పలచబడుతుంది, కర్సర్ వణుకుతుంది. బార్‌ను 30 సెంటీమీటర్లు చేస్తే 4 మీటర్ల దగ్గర మళ్ళీ 130 దాకా వస్తుంది.

చేసే ముందు ఒక పరీక్ష. సెన్సార్ బార్ వైరు పీకేసి, దేవుడి గదిలోంచి రెండు ప్రమిదలు తెచ్చి, టీవీ కింద బల్ల మీద 20 సెంటీమీటర్ల ఎడంతో పెట్టి వెలిగించాను. కన్సోల్ సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ అనే తెర ఉంటుంది, అక్కడ రిమోట్‌కి కనబడే చుక్కలను అలాగే చూపిస్తుంది. రెండు తెల్ల చుక్కలు వచ్చాయి. ఫ్యాన్ గాలికి వత్తి ఊగినప్పుడల్లా చుక్క కూడా ఊగుతోంది, ఒకటి చిన్నదై మళ్ళీ పెద్దదవుతోంది. మెనూలోకి వెళ్తే కర్సర్ వచ్చింది! వణుకుతూనే ఉన్నా బటన్లు నొక్కగలిగాను. మంటలో కంటికి కనబడే వెలుగుతో పాటు ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, కెమెరాకి కావలసింది అదే. మా అన్నయ్య కొడుకు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. “బాబాయ్, దీపాలతో కన్సోల్ పనిచేస్తోందా!” అని వాడు రిమోట్ లాక్కుని వదల్లేదు. సెన్సార్ బార్ అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

జూలై 5

కోఠి, గుజరాతీ గల్లీ. 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, 56 ఓమ్‌ల రెసిస్టర్లు, జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ సర్క్యూట్ బోర్డు) ముక్క, లివర్ ఉన్న మైక్రోస్విచ్‌లు కొన్నాను. షాపాయన “రిమోట్ రిపేరుకా అన్నా?” అని అడిగి, విషయం చెప్పాక పారదర్శకంగా ఉండేవి, నీలిరంగువి రెండు రకాల ఎల్‌ఈడీలు తీసి బల్ల మీద పోశాడు. వెలుగు ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో చూసి తీసుకోవాలి. సూదిలా తిన్నగా కొట్టేవి మనకి పనికిరావు, పక్కకి జరిగి నిలబడితే కనబడవు.

సర్క్యూట్ చాలా తేలిక. యూఎస్‌బీ 5 వోల్టులు. ఒక్కో ఎల్‌ఈడీ దాదాపు 1.3 వోల్టులు తీసుకుంటుంది, మూడు వరసగా కలిపితే 3.9. మిగిలింది 1.1. 20 మిల్లీఆంపియర్లు పారాలంటే 1.1ని 0.02తో భాగిస్తే 55 ఓమ్‌లు. మార్కెట్‌లో దొరికేది 56. ఈ చివర ఒక వరస, ఆ చివర ఒక వరస. కరెంటు టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచే, కాబట్టి టీవీ ఆపితే దీపాలు కూడా ఆరిపోతాయి.

మూడిట్లో మధ్యదాన్ని తిన్నగా ఉంచి, మిగతా రెండిటినీ చెరో పక్కకి కొంచెం వంచాను. కంపెనీ బార్‌లో కూడా ఒక్కో చివర ఐదు దీపాలుంటాయి, వాటిలో కొన్ని పక్కలకి తిరిగి ఉంటాయి. కారణం ఇదే: ఇద్దరు ఆడేటప్పుడు ఎవరూ సరిగ్గా నడిమధ్యలో నిలబడరు. పెట్టెగా కరెంటు పనివాళ్ళు గోడల మీద వైరింగ్‌కి వాడే కేసింగ్ పట్టీ వాడాను. తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, పైన మూత నొక్కితే పట్టేస్తుంది, కావలసినంత పొడవు కోసుకోవచ్చు. దీపాలు వెలుగుతున్నాయో లేదో కంటికి తెలియదు. ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూస్తే ఊదారంగులో మెరుస్తాయి. చాలా ఫోన్లలో వెనక కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ గట్టిగా ఉంటుంది కాబట్టి అందులో కనబడకపోవచ్చు.

4 మీటర్ల దగ్గర నిలబడి చూశాను. కర్సర్ కదలకుండా నిలబడింది. కంపెనీ బార్‌తో ఇదే దూరంలో అది దోమలా తిరిగేది.

జూలై 12

ఆలస్యం గురించి. గన్ గేమ్‌లో శత్రువు తల ఎత్తినప్పుడు కొట్టాలి, ఎత్తిన తర్వాత కాదు. వీ నుంచి డిఫాల్టుగా వచ్చే పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు 480ఐ సిగ్నల్ ఇస్తాయి. అంటే ఒక బొమ్మను రెండు సగాలుగా పంపుతుంది. ఎల్‌సీడీ టీవీ ఆ రెండు సగాలనూ కలిపి, సాగదీసి, అప్పుడు చూపిస్తుంది. ఆ కలపడానికే సమయం తినేస్తుంది. కాంపోనెంట్ కేబుల్ అయితే 480పీ, బొమ్మ పూర్తిగా ఒకేసారి వస్తుంది. కానీ కొత్త టీవీల్లో ఆ ఐదు రంధ్రాలు తీసేశారు. అందుకని కన్సోల్ వెనక తగిలించే చిన్న హెచ్‌డీఎంఐ అడాప్టర్ తీసుకున్నాను. అది పెట్టాక సెట్టింగ్స్‌లో స్క్రీన్ కింద ‘ఈడీటీవీ ఆర్ హెచ్‌డీటీవీ’ ఎంచుకోవాలి. ఈ ఒక్క మెట్టు వదిలేసి అడాప్టర్ బాగాలేదనుకునేవాళ్ళు చాలామంది. టీవీలో పిక్చర్ మోడ్‌ను గేమ్‌కి మార్చాను. బొమ్మను ‘అందంగా’ చేసే సెట్టింగ్‌లన్నీ, మోషన్ స్మూతింగ్‌తో సహా, ఆపేశాను.

తేడా కొలవడానికి ఫోన్‌లో స్లో మోషన్, సెకనుకి 240 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము దాదాపు 4.2 మిల్లీసెకన్లు. ట్రిగ్గర్ వేలు, తెర రెండూ పడేలా తీసి, వేలు నొక్కిన ఫ్రేము నుంచి తెర మెరిసిన ఫ్రేము దాకా లెక్కపెట్టడమే. పాత వైర్లతో ఉన్న ఆలస్యం దాదాపు సగానికి తగ్గింది. డబ్బు పెట్టి కొత్త గన్ కొనే ముందు టీవీ రిమోట్ తీసుకుని గేమ్ మోడ్ వెతకండి. నా అనుభవంలో గురి బాగుపడింది ఎక్కువగా దానివల్లే.

జూలై 19, 20

గన్.

రిమోట్‌ను గన్ ఆకారపు తొడుగులో పెట్టడం కంపెనీ 2007లోనే చేసింది, వీ జాపర్ పేరుతో. అందులో ట్రిగ్గర్ లాగితే ఒక ప్లాస్టిక్ చేయి వెళ్ళి రిమోట్ బీ బటన్‌ను నొక్కుతుంది. మెత్తగా, ఎక్కడ తగిలిందో తెలియనట్టు ఉంటుంది. ఆర్కేడ్ గన్‌లో ఉండేది మైక్రోస్విచ్. వేలు ఇంత దూరం వచ్చాక టక్కున తగులుతుంది, అక్కడే వదిలితే టక్కున విడుస్తుంది. వేగంగా కాల్చగలగడమంతా ఆ టక్కులోనే ఉంది. నాకు అది కావాలి.

రిమోట్ విప్పడానికి మూడు రెక్కల స్క్రూడ్రైవర్ కావాలి, మొబైల్ రిపేర్ కిట్లలో ఉంటుంది. వెనక మూత తీస్తే బీ బటన్ కింద రబ్బరు, రబ్బరు కింద బోర్డు మీద దువ్వెన పళ్ళలా ఒకదాంట్లో ఒకటి దూరిన రెండు నల్ల కార్బన్ పట్టీలు. రబ్బరు అడుగున ఉన్న నల్ల చుక్క వాటిని కలిపితే బటన్ నొక్కినట్టు. ఆ కార్బన్ మీద టంకం అంటదు. ఎంత ఫ్లక్స్ వేసినా గుండ్రంగా ముద్దకట్టి జారిపోతుంది. కాబట్టి మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ఆ రెండు పట్టీల నుంచి బయటికి వెళ్ళే రాగి దారులు ఎక్కడికి పోతున్నాయో వెతకాలి. వాటిలో ఒకటి బ్యాటరీ మైనస్‌తో బీప్ అంది, దానికి బ్యాటరీ స్ప్రింగ్ దగ్గరే వైరు అంటించాను, పెద్ద చోటు, తేలిక. రెండోది జుట్టంత సన్నటి దారి. బ్లేడు కొనతో పైన ఉన్న పచ్చ పూతను రెండు మిల్లీమీటర్ల మేర గీకాను. కింద రాగి మెరిసింది. మెరిసిన వెంటనే ఆగాలి, ఇంకొంచెం నొక్కితే దారే తెగిపోతుంది. దాని మీద పూత పూసినంత టంకం, ఎనామిల్ వైరు కొనకి కూడా ముందే టంకం, రెండూ ఆనించి ఇనుము ఒక్క క్షణం తాకిస్తే అతుక్కుంది. పైన వేడి జిగురు చుక్క వేశాను, లాగినా ఊడకుండా.

ఆ రెండు వైర్లూ మైక్రోస్విచ్ కామన్, ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది) కాళ్ళకి. బీ బటన్ కూడా మునుపటిలాగే పనిచేస్తుంది, రెండూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి.

గన్ ఒళ్ళు పీవీసీ పైపు, గ్రిప్‌కి టీ జాయింట్, పైన రిమోట్ పడుకునే గాడి. రిమోట్ ముందు భాగంలో కెమెరాకి ఏదీ అడ్డం రాకూడదు, గన్ మూతి కూడా దానికంటే ముందుకు పొడుచుకు రాకూడదు. 33 డిగ్రీల చూపులో చిన్న అంచు పడినా ఒక పక్క దీపం మాయమవుతుంది. రంగు ముదురు నారింజ, నీలం. నిజమైన తుపాకీలా కనబడేలా చేయకూడదని మొదటినుంచీ అనుకున్నాను. పిల్లలు దాన్ని పట్టుకుని బాల్కనీలోకి, వీధిలోకి వెళ్తారు. అరకిలోమీటరు దూరం నుంచి చూసినా అది బొమ్మేనని తెలియాలి.

జూలై 26

గురి సరిచేయడం. ఇక్కడొక సంగతి అర్థం చేసుకోవాలి. వీ రిమోట్‌కి టీవీ ఎంత పెద్దదో తెలియదు. దానికి తెలిసింది తను దీపాల నుంచి ఎంత కోణం తిరిగిందనేది మాత్రమే. అంత కోణానికి కర్సర్ ఇంత జరుగుతుంది. మన కంటికి టీవీ ఎంత కోణంలో కనబడుతుందనేది మాత్రం మనం నిలబడిన దూరాన్ని బట్టి మారుతుంది. దగ్గరికెళ్తే టీవీ పెద్ద కోణం, దూరమెళ్తే చిన్న కోణం. ఈ రెండూ కలిసే దూరం ఒకటి ఉంటుంది, అక్కడ నిలబడితే గన్ మీది నుంచి చూసిన గీత, తెర మీది కర్సర్ ఒకే చోట పడతాయి. కొంచెం ముందుకో వెనక్కో జరిగితే మూలల్లో తప్పుతాయి.

ఆ చోటును వెతకడానికి గన్ మీద కంటి ఎత్తులో గురి పెట్టి, తెర నాలుగు మూలలకీ తిప్పుతూ అడుగడుగునా జరిగాను. మా టీవీకి అది సోఫా కంటే ఒక అడుగు ముందర వచ్చింది. నేల మీద రంగు టేపు అంటించాను. బార్‌ను టీవీ కింద పెట్టి, సెట్టింగ్స్‌లో ‘బిలో టీవీ’ ఎంచుకున్నాను. బార్ ఎక్కడుందో కన్సోల్‌కి తప్పు చెబితే గురి అంతా పైకో కిందికో జరుగుతుంది. సెన్సిటివిటీ 5 స్థాయిల్లో 3 నాకు సరిపోయింది. అంతకన్నా పెంచితే ట్యూబ్‌లైటు అద్దంలో పడ్డ వెలుగు కూడా చుక్కగా కనబడుతోంది.

గన్‌ను పక్కకి వంచి పట్టుకుంటే? అప్పుడు రెండు దీపాల గీత కూడా కెమెరాలో వంగుతుంది, ఏది పైనో ఏది కిందో యాక్సెలెరోమీటర్ చెబుతుంది. అది గురుత్వాకర్షణను కొలుస్తుంది కాబట్టి చేయి మరీ ఊగనంత వరకు భూమి ఎటుందో దానికి తెలుసు. రెండూ కలిపి కన్సోల్ సరిచేసుకుంటుంది. గన్ అడ్డంగా తిప్పి పట్టుకున్నా గురి తప్పలేదు.

ఆగస్టు, శ్రావణ శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. హాల్లో టీవీ పక్కనే మండపం కట్టారు, రెండు కుందుల్లో దీపాలు. సాయంత్రం పిల్లలు ఆట పెట్టమంటే పెట్టాను. కర్సర్ టీవీలో ఒక మూలకి దూకి, మళ్ళీ మధ్యకి వచ్చి, మళ్ళీ దూకుతోంది. సెన్సిటివిటీ తెరలో నాలుగు చుక్కలు, రెండు నావి, రెండు అమ్మవారివి. కన్సోల్ ఏ రెండిటిని జతగా తీసుకోవాలో తేల్చుకోలేకపోతోంది. ఆట ఆపేశాం, దీపాలు ఆపేది లేదు కదా. పడమటి కిటికీలోంచి ఎండ టీవీ వైపు పడినా ఇదే జరుగుతుంది. దానికి మాత్రం మందపాటి కర్టెన్ వేశాను.

ఆగస్టు 16

ఇప్పుడు ఆటల సంగతి, ఎందుకంటే అన్నీ ఒకేలా రావు.

ది హౌస్ ఆఫ్ ది డెడ్ 2 ఆర్కేడ్‌లో వచ్చింది సేగా నయోమీ బోర్డు మీద, 1998లో. నయోమీ అంటే డ్రీమ్‌కాస్ట్ కన్సోల్‌కి ఆర్కేడ్ అన్న లాంటిది. మూడో భాగం 2002లో చిహిరో బోర్డు మీద. చిహిరో ఏమో మొదటి ఎక్స్‌బాక్స్ నుంచి తయారైంది, అదే 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. ఘోస్ట్ స్క్వాడ్ కూడా చిహిరోదే. అంటే ఇవి మొదటినుంచీ ఇంటి కన్సోల్ ఒంటితోనే పుట్టిన ఆర్కేడ్ ఆటలు. వీ మీద చక్కగా నడవడంలో ఆశ్చర్యం లేదు. గన్‌బ్లేడ్ ఎన్‌వై (1995), ఎల్‌ఏ మెషిన్‌గన్స్ (1998) ఆర్కేడ్‌లో బిగించిన గన్‌లతో ఆడేవి, గాల్లో ఎగురుతూ కాల్చినట్టు. అందుకే వాటిలో చిన్న వణుకు పెద్దగా తెలియదు. గురి పక్కా లేకపోయినా ముందు ఈ డిస్కుతో మొదలుపెడితే నిరుత్సాహం కలగదు. నాకు అన్నిటికంటే నచ్చింది ది హౌస్ ఆఫ్ ది డెడ్ రెండో భాగమే. మైక్రోస్విచ్ విలువ తెలిసేది అందులోనే. ఒక్కో తూటాకి ఒక్కో టక్కు.

హోమ్‌బ్రూ వైపు ఎఫ్‌సీఈ అల్ట్రా జీఎక్స్ వేశాను. పాత టీవీ గేమ్ ఆటలు నడిపే ఎమ్యులేటర్ ఇది, అందులో జాపర్ (ఆ పాత ప్లాస్టిక్ గన్ పేరు కూడా ఇదే) సౌకర్యం ఉంది. అభిమానులు స్వయంగా రాసి ఉచితంగా ఇచ్చే గన్ ప్రోగ్రాంలు ఎస్‌డీ కార్డులో పెట్టి చూశాను. పిక్చర్ ట్యూబ్ లేనిదే బతకని ఆ పద్ధతి ఫ్లాట్ టీవీ మీద ఎలా పనిచేస్తోందంటే, ఎమ్యులేటర్‌కి తెర మీద ఏ చుక్క ఏ రంగులో ఉందో ముందే తెలుసు. నా కర్సర్ ఉన్న చోట తెలుపు ఉంటే ‘గన్‌కి వెలుగు కనబడింది’ అని ఆటకి చెబుతుంది. టీవీ కాంతిని ఎవరూ చూడడం లేదు. ఆ తెల్ల డబ్బా మెరుపు మాత్రం తెర మీద అలాగే వచ్చింది. పాతికేళ్ళ తర్వాత చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మెగా డ్రైవ్‌కి జెనెసిస్ ప్లస్ జీఎక్స్, సూపర్ నింటెండోకి స్నెస్9ఎక్స్ జీఎక్స్, ఈ రెండిట్లోనూ గన్ సౌకర్యం ఉంది. పెద్ద 3డీ ఆర్కేడ్ బోర్డులను ఎమ్యులేట్ చేయించాలని మాత్రం వీని కష్టపెట్టకండి. 729 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంత బరువు మోయలేదు.

ఆగస్టు 30

రెండో గన్ పైపు కోత అయింది, బోర్డు మీద టంకం కూడా అయింది. మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్‌లో “రీకాయిల్ పెట్టరా, సోలెనాయిడ్ పంపిస్తా” అంటున్నాడు. ఆలోచించి వద్దన్నాను. ఆర్కేడ్ గన్‌లో తన్ను బాగుంటుంది నిజమే, కానీ అక్కడ గురి చూసే సెన్సార్‌కి ఊపుతో పనిలేదు. ఇక్కడ కెమెరా, యాక్సెలెరోమీటర్ రెండూ ఆ గన్‌లోనే కూర్చున్నాయి. గురుత్వాకర్షణకి మూడు రెట్ల దాకా (ప్లస్ మైనస్ 3జీ) మాత్రమే కొలిచే యాక్సెలెరోమీటర్‌కి ప్రతి తూటాకీ ఒక దెబ్బ తగిలితే, ఊపితే రీలోడ్ అయ్యే ఆటల్లో అది మన చేతి ఊపనుకుంటుంది. రిమోట్‌లో కంపనానికి మోటారు ఎలాగూ ఉంది, ఆటలు దాన్నే వాడుకుంటాయి, అది చాలు.

మిగిలినవి: రెండో గ్రిప్‌కి ఇసుక కాగితం పట్టి రంగు వేయడం, రెండు గన్‌లకీ బ్యాటరీ మూత స్క్రూ లేకుండా తెరుచుకునేలా మార్చడం, బార్‌కి టీవీ కింద శాశ్వతంగా క్లాంపు. ఎవరైనా ఇదే చేయాలనుకుంటే ప్రమిదల పరీక్షతో మొదలుపెట్టి, తర్వాత టీవీ గేమ్ మోడ్, ఆ తర్వాత బార్, గన్ చివర్లో చేయండి. బార్ సరిగ్గా లేకుండా గన్ ఎంత బాగా చేసినా లాభం ఉండదు.